ఇండెక్సుకు మొక్కిన జడ

ఆ రోజుల్లో మా చిత్తూరు ఇళ్ళల్లో డబ్బు ఒకరిదైతే, దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు ఊరందరిదీ. ఎవరింటికైనా నాలుగు రూపాయలు వచ్చాయని తెలిస్తే చాలు, పక్కింటివాళ్ళు, పాలుపోసే ఆయన, ఏదో పెళ్ళిలో ఒక్కసారి కనిపించిన దూరపు చుట్టం, అందరూ కలిసి తేల్చేసేవాళ్ళు. స్థలం కొనమని కొందరు, బంగారం కొనమని కొందరు, చీటీ వేయమని కొందరు. అంతమంది మధ్యలోకి "ఇండెక్స్ ఫండ్" అనే మాటను మా వంశంలో మొట్టమొదట మోసుకొచ్చిన పాపం నాది. (పాపం అని అలవాటు కొద్దీ రాశాను గానీ, అందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆ సంగతి ఇప్పటికీ గొంతు చించుకుని చెప్పగలను.) ఇన్నేళ్ళు గడిచాక కూడా ఆ ఉదంతం తలుచుకుంటే ముందు చెవులు వేడెక్కుతాయి, ఆ తర్వాతే నవ్వొస్తుంది. అందుకని మీరు కూడా నాతోపాటు ముందు కాసేపు కోపం తెచ్చుకోవాలని మనవి.

అప్పుడే చదువు ముగించి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరాను. స్టోర్సులో ఉద్యోగం, తిరుపతిలో హాస్టలు, పొద్దున్నే కంపెనీ బస్సు. బస్సులో నా పక్క సీటు అకౌంట్స్ అక్కది. ఆమె అకౌంట్స్ విభాగంలో పని చేసేది, మాట్లాడితే లెక్కలే మాట్లాడేది, మిగతా సమయం నిద్రపోయేది. మొదటి జీతం వచ్చిన వారంలో ఆమే నాకు చెప్పింది. "ఏ కంపెనీ షేరు పెరుగుతుందో నాకూ తెలియదు, నీకూ తెలియదు, టీవీలో అరిచే ఆయనకూ తెలియదు. అందుకని ఒక్కటి కొనొద్దు. దేశంలో పెద్ద కంపెనీలన్నీ కలిపి ఒక పట్టీ ఉంటుంది. దానిపేరే ఇండెక్సు. ఆ పట్టీ మొత్తాన్ని కొంచెం కొంచెంగా కొనుక్కోవడమే ఇండెక్స్ ఫండ్. మన కదంబం మాలలాగ. అందులో ఒక పువ్వు వాడిపోతే వాళ్ళే తీసేసి ఇంకో పువ్వు కడతారు. నువ్వు నెలనెలా వేసి, మరిచిపో." ఇంత చెప్పి ఆమె మళ్ళీ నిద్రపోయింది. నాకు మాత్రం తెలివి వచ్చేసింది. కొత్తగా తెలివి వచ్చినవాళ్ళు ఊరికే ఉండలేరు గదా.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపీ నడిపీ ఆ ఏడే రిటైరయ్యాడు. ఎదురుగా గొడవ వస్తుంటే దూరం నుంచే చూసి పక్కకు తప్పుకునే మనిషి. రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన నాటినుంచి ఆ మనిషికి తప్పుకోవడానికి పక్క అనేది లేకుండా పోయింది. అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఆయన అల్లుడు. నాకు వరసకు బావ. ఫోన్లో ఏవో గ్రూపుల్లో వచ్చే టిప్పులు చూసి ఉదయం కొనడం, మధ్యాహ్నం అమ్మడం, సాయంత్రం తల పట్టుకోవడం ఆయన దినచర్య కాబట్టి మేము పిల్లలమంతా టిప్పుల బావ అనేవాళ్ళం. ఆ తలమీద జుట్టు మాత్రం ఎప్పుడు చూసినా జెల్లు పూసి నిగనిగలాడుతుండేది.

ఒక ఆదివారం తిరుపతిలో చిన్నాయన వాళ్ళింటికి భోజనానికి పోయాను. రాగిసంగటి, నాటుకోడి పులుసు. సంగటి ముద్ద ఇంకా నోట్లో పెట్టనే లేదు, బావ మొదలుపెట్టాడు.

"మామా, ఆ డబ్బు బ్యాంకులో పెడితే ఆడ పండుకొని నిద్రపోతాది. నా చేతికియ్యి, పరిగెత్తిస్తా."

"పరిగెత్తిస్తావు బావా, అది పరిగెత్తి యాడికి పోతాదో అదే మాకు తెలీదు," అన్నాను. "అక్క చెవుల్లో కమ్మలు ఏమైనాయి?"

అంతే, మా అక్క, అంటే చిన్నాయన కూతురు, గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది. బావ ముఖం ఎర్రబడింది. "మరదలా, నీకు మార్కెట్టు గురించి ఏం తెలుసు? నిన్న మొన్న ఉద్యోగంలో చేరినావు," అన్నాడు. ఇంక చూడండి. నాకు పుట్టుకతోనే కోపం. "ఈ పిల్ల నోట్లో ఆవాలు వేస్తే చిటపటలాడతాయి" అని మా నాయన అనేవాడు. ఎడమచేత్తో కంచం జరిపేసి, ఎంగిలి చెయ్యి గాల్లో ఆడిస్తూ, ఇండెక్సు గురించి అకౌంట్స్ అక్క చెప్పినదంతా ఆమె చెప్పినదానికి పది రెట్లు గట్టిగా చెప్పాను. కదంబం మాల చెప్పాను. మధ్యలో పడుతుందని చెప్పాను, పడినప్పుడు ముట్టుకోకూడదని చెప్పాను, ఏళ్ళతరబడి వదిలేయాలని చెప్పాను. బావ అడ్డం వచ్చినప్పుడల్లా ఇంకాస్త గొంతు పెంచాను. చివరికి మా చిన్నాయన రెండు చేతులూ ఎత్తేశాడు.

"అరవద్దు పాపా. పక్కింటోళ్ళు వింటా ఉండారు. నువ్వు చెప్పినదాంట్లోనే పెడతా. పడేది, లేసేది నాకు తెలీదా, ఘాట్ రోడ్డు మనిషిని."

నా వాదనలో పస చూసి ఒప్పుకున్నాడని చాలాకాలం అనుకున్నాను. పక్కింటివాళ్ళకు భయపడి ఒప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఇండెక్సు పెరిగింది. పెరిగినన్నాళ్ళూ అది చిన్నాయన ఇండెక్సు. టీ అంగడి దగ్గర పాత డ్రైవర్లను కూర్చోబెట్టి "నా ఇండెక్సు నిన్న కూడా లేసింది రా అబ్బా" అని చెప్పేవాడట. ఆ పెరుగుదలకు కారణం ఎవరో ఒక్కరూ ఒక్కసారి కూడా తలుచుకోలేదు. నేను అడగలేదు కూడా. ఆ తర్వాత, వేసవి ముదిరే సమయానికి, మార్కెట్టు పడటం మొదలైంది. ఊరికే పడటం కాదు, ప్రతిరోజూ టీవీలో ఎర్ర బాణాలు కిందికి చూపిస్తూ, నిన్నటికంటే ఇంకాస్త పడటం. అది పడిన మొదటిరోజే రాత్రికిరాత్రి యజమాని మారిపోయాడు. చిన్నాయన ఇండెక్సు నా ఇండెక్సైపోయింది.

చిన్నమ్మ ఫోను చేసింది. "ఏమ్మే, నీ ఇండెక్సుకు ఏమొచ్చిందే?" అని, నేనేదో జబ్బు చేసిన మేకను వాళ్ళింట్లో కట్టేసి వచ్చినట్టు.

"నాది కాదు చిన్నమ్మా. దేశంలో పెద్ద కంపెనీలన్నిటిదీ."

"ఆ కంపెనీలోళ్ళు నాకేం తెలుసు? మాకు చెప్పింది నువ్వే కదా."

"పడినప్పుడు చూడొద్దని కూడా చెప్పినా కదా!"

"టీవీలో చూపిస్తా ఉంటే కండ్లు మూసుకోమంటావా?"

రోజూ ఇదే. ఎక్కడో సముద్రం అవతల ఎవరో ఏదో అంటే మన మార్కెట్టు పడేది, మార్కెట్టు పడితే తిరుపతిలో చిన్నమ్మకు కోపం వచ్చేది, చిన్నమ్మకు కోపం వస్తే శ్రీ సిటీలో నా ఫోను మోగేది. నేను స్టోర్సులో బోల్టుల పెట్టెల మధ్య నిలబడి, ఆర్థికశాస్త్రం మొత్తం అరిచి చెప్పేదాన్ని. సూపర్వైజరు నన్ను రెండుసార్లు హెచ్చరించాడు. బస్సులో అకౌంట్స్ అక్క మాత్రం "నీ డబ్బులు ఇంకా వేస్తున్నావు గదా? అంతే" అని కళ్ళు మూసుకునేది. నేను వేస్తూనే ఉన్నాను. పంతానికి వేశానో, నమ్మకంతో వేశానో నన్ను అడగొద్దు.

ఆ నెలలోనే చిత్తూరులో మా మేనత్త కొడుకు నిశ్చితార్థం. పోకపోతే ముఖం చాటేసిందంటారు, పోతే ముఖంమీదే అంటారు. పోయాను. వక్కాకు పళ్ళెం దగ్గరనుంచి చేతులు కడుక్కునే చోటుదాకా ఒకటే గుసగుస. అందరిలోకీ పెద్దది, మా నాయనకు మేనత్త, చెవులు సరిగ్గా వినపడని అవ్వ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జాలిగా చెయ్యి నిమిరింది.

"చిన్నోడి డబ్బంతా మింగేసినాడంట కదమ్మా, ఆ ఇండెక్సనేవాడు. వాడిది ఏ ఊరు?"

"ఊరు కాదవ్వా, అది మనిషి కాదు."

"మనిషి కాదులే, మనిషైతే ఇట్ల చేస్తాడా. పోలీసోళ్ళకు పట్టియ్యకూడదా?"

బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. టిప్పుల బావ అయితే పాయసం పొలమారేదాకా నవ్వాడు. నేను ఆ పాయసం ముట్టకుండా లేచి బస్సెక్కాను. పూతలపట్టు దాటేదాకా కిటికీ కడ్డీని పట్టుకున్న పట్టు వదల్లేదు. చిన్నాయన మాత్రం ఆరోజు ఒక్కమాట అనలేదు, నావైపు చూడలేదు కూడా. పాపం, ఎంత దిగులు పెట్టుకున్నాడో అని ఆయనమీద జాలిపడ్డాను. (ఈ జాలిని మీరు గుర్తు పెట్టుకోనక్కరలేదు. నాకే చాలా గుర్తుంది.)

తర్వాతి వారం చిన్నమ్మ నిమ్మకాయ పచ్చడి సీసా పట్టుకుని హాస్టలుకు వచ్చింది. ముఖంలో కోపం లేదు. అదే నాకు అనుమానం కలిగించాల్సింది.

"ఇంక నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. స్వామికి మొక్కుకున్న్యా. నీ ఇండెక్సు మళ్ళీ ముందరున్న కాడికి ఎక్కితే తలనీలాలు ఇస్తామని ముడుపు కట్టేసినా."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. "నాకోసం నీ తల ఇస్తావా చిన్నమ్మా?"

"నా తలేంటికి? ఇండెక్సు ఎవరిది? నీ తలనీలాలే మొక్కుకున్న్యా."

నా జడ గురించి నేనే చెప్పుకోవాలి, తప్పదు. నడుము దాటి ఉండేది. రంగుకు వంక పెట్టినవాళ్ళు, నోటికి వంక పెట్టినవాళ్ళు, పొడుగుకు వంక పెట్టినవాళ్ళు కూడా ఆ జడ దగ్గరికొచ్చేసరికి మాట మానేసేవాళ్ళు. నా ఒంట్లో అందరూ మెచ్చుకున్న వస్తువు అదొక్కటే. దాన్ని నన్నొక్కమాట అడక్కుండా షేర్ మార్కెట్టుకు రాసిచ్చేసి, పచ్చడి తెచ్చింది! హాస్టలు మొత్తం అదిరేలా అరిచాను. మూడు కత్తెర్లు ఇస్తానన్నాను, ఆడవాళ్ళు చాలామంది అంతే ఇస్తారు గదా. "మొక్కింది మొత్తం," అంది చిన్నమ్మ. మా నాయనకు ఫోను చేశాను. ఆయన కూడా "మొక్కు మొక్కే పాపా. స్వామితో పేచీ పెట్టుకోకూడదు," అన్నాడు.

ఇక అప్పటినుంచి నా బతుకు చూడండి. అది తప్పకుండా లేస్తుందని, లేచితీరుతుందని, ఊరందరితో పోట్లాడినదాన్ని నేను. అది లేచిన ప్రతిరోజూ నా చెయ్యి దానంతటదే జడమీదికి పోయేది. పడితే చుట్టాల ముందు తల వంచుకోవాలి, లేస్తే గుండు. బస్సులో అకౌంట్స్ అక్క ఒకరోజు కళ్ళు తెరిచి, "ఇంతకీ నువ్వు పెరగాలనుకుంటున్నావా, పడాలనుకుంటున్నావా?" అని అడిగింది. ఆమెమీద కూడా అరిచాను. ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది.

లేచింది. నేను చెప్పినట్టే లేచింది. కొన్ని నెలలు పట్టింది గానీ, చలికాలం చివరికి ముందరున్న చోటు దాటింది. నువ్వు చెప్పిందే నిజమైంది అని ఎవరైనా అంటారేమోనని ఆ సాయంత్రమంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. మొదటి ఫోను టిప్పుల బావది. "మరదలా, ఇంక నీకు దువ్వెనతో పని లేదు కదా, నాకిచ్చేయి!"

ఆదివారం కొండకు బయలుదేరాం. చిన్నాయన, చిన్నమ్మ, నేను. వేడుక చూడటానికి బావ కూడా వచ్చాడు. అలిపిరిలో సంచులన్నీ దించి, తనిఖీ అయ్యాక మళ్ళీ ఎక్కించి, ఘాట్ బస్సు కదిలింది. డ్రైవరు చిన్నాయనను చూసి "అన్నా, నువ్వు ఎనకాల కూర్చుంటే నాకు స్టీరింగు తిరగదు," అని నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు. చిన్నమ్మ పక్క సీట్లో ఉన్న తమిళావిడకు, కొండమీద బొమ్మలంగడి పెట్టుకున్న ఒక పెద్దాయనకు, మొత్తం బస్సుకు వినపడేలా మొక్కు కథ చెబుతోంది. నేను కోపంగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. కథంతా అయ్యాక చిన్నమ్మ సంతోషంగా మొగుడివైపు తిరిగింది.

"అవునూ, ఇప్పుడు మన డబ్బు ఎంతయింది?"

బస్సు ఒక మలుపు తిరిగింది. చిన్నాయన కుడికాలు అలవాటుగా నేలను తొక్కింది.

"నిన్నే అడిగేది."

"అది... నేను తీసేసినా," అన్నాడు చిన్నాయన, ముందు సీటు వెనకభాగంతో చెబుతున్నట్టు.

"యాడ తీసేసినావు? ఎప్పుడు?"

"పడినప్పుడే. ఇంకా పడతాది, సున్నా అయిపోతాదని అల్లుడు చెప్పినాడు. నాకు నిద్ర పట్టలా. తీసి బ్యాంకులో ఏసేసినా. చిత్తూరు నిశ్చితార్థానికి ముందు వారమే."

నేను మెల్లగా కిటికీ వైపునుంచి తిరిగాను. నిశ్చితార్థానికి ముందు వారం! అంటే అవ్వ నా చెయ్యి నిమిరిన రోజుకి ఆయన డబ్బు ఒక్కపైసా కూడా ఇండెక్సులో లేదు. అంటే ఆ బంతి, ఆ నవ్వులు, ఆ ఫోన్లు, ఆ బోల్టుల పెట్టెల మధ్య అరుపులు, అన్నీ లేని డబ్బు కోసం. సరిగ్గా అట్టడుగున అమ్మేసి, నష్టం మూటగట్టుకుని, నన్ను అందరూ నిలబెట్టి కడుగుతుంటే పక్కన కూర్చుని పాయసం తాగాడు! నేను లేచి నిలబడ్డాను. మలుపులో పడబోయి కడ్డీ పట్టుకుని మరీ నిలబడ్డాను.

"ఒక్కమాట చెప్పకూడదా చిన్నాయనా? ఇన్ని నెలలు నన్ను తిట్టిస్తివి కదా!"

"నువ్వు అరుస్తావని చెప్పలా పాపా," అన్నాడు చిన్నాయన.

బస్సులో సగం మంది నవ్వారు, సగం మంది "పాపం" అన్నారు. ఆ పాపం నాకో ఆయనకో తెలియలేదు. ఆ వెంటనే బస్సులో పంచాయతీ మొదలైంది. డబ్బే లేనప్పుడు మొక్కు తీర్చాల్నా వద్దా? బొమ్మలంగడి పెద్దాయన "వీళ్ళ డబ్బు లేదు కాబట్టి మొక్కు చెల్లదు" అన్నాడు. తమిళావిడ తమిళం కలిసిన తెలుగులో "అదెట్ల? ఇండెక్సు ఏరల్ల, అంటే పైకెక్కల్ల అని మొక్కినారు, ఏరింది. స్వామి సరిగ్గానే చేసినాడు కదా," అంది. చిన్నమ్మ "అదే నేననేది" అని ఆమెతో చేతులు కలిపింది. వెనక సీట్లోంచి ఎవరో "ఇంతకీ తీసేయమని చెప్పిందెవరు?" అన్నారు. చిన్నాయన అల్లుడివైపు చూశాడు. బస్సంతా అల్లుడివైపు చూసింది. "అట్లయితే ఆయన తల ఇయ్యల్ల!" అని డ్రైవరు ముందునుంచే తీర్పు చెప్పాడు. బావ రెండు చేతులూ జెల్లు తలమీద పెట్టుకున్నాడు. బస్సు పైకి చేరి తలుపు తెరుచుకోగానే, టీ తాగొస్తానని దిగిన మనిషి మళ్ళీ సాయంత్రం దాకా ఎవరికీ కనపడలేదు.

కల్యాణకట్ట ముందు ముగ్గురం నిలబడ్డాం. చిన్నమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "పోనీలే పాపా. మూడు కత్తెర్లు ఇస్తే చాలు. స్వామికి నేను చెప్పుకుంటా." చిన్నాయన చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇండెక్సునూ మొక్కునూ అందరూ మూటకట్టి నామీద పడేశారు, ఇప్పుడు అందరూ కలిసి జాలిగా తీసేసుకుంటున్నారు. ఆ పడిన నెలల్లో ఒక్క నెల కూడా మానకుండా, స్టోర్సు జీతంలోంచి వేసినదాన్ని నేను. నా డబ్బు అందులోనే ఉంది. పడింది, లేచింది, ఇంకా ఉంది.

"ఎవురి మొక్కూ అక్కర్లేదు," అన్నాను. "ఇండెక్సు నాదే. అవును, నాదే! నాది లేసింది. నా తల నేనిస్తా."

గబగబా లోపలికి పోయి కూర్చున్నాను. తలమీద నీళ్ళు పోసి తడుపుతూ అక్కడి క్షురకురాలు "ఏం మొక్కమ్మా, ఆరోగ్యమా, పెండ్లా?" అని అడిగింది. "షేర్ మార్కెట్టు," అన్నాను. ఆమె చెయ్యి ఒక్కక్షణం ఆగి, మళ్ళీ కదిలింది. నేను చివరిదాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయంటే అవి తల తడిపిన నీళ్ళే.

బయటికొచ్చి చూస్తే చిన్నాయన నున్నటి గుండుతో నిలబడి ఉన్నాడు. ఆయనకు అప్పటికే నడినెత్తిన ఏమీ లేదు, చెవుల చుట్టూ నాలుగు తెల్లవెంట్రుకలు మాత్రం ఉండేవి. అవి కూడా ఇచ్చేశాడు. చిన్నమ్మ మా ఇద్దరి తలలకూ గంధం పూసింది. చాలాసేపు పూసింది.

సోమవారం కంపెనీ బస్సెక్కితే అకౌంట్స్ అక్క నన్ను చూసి ఆరోజు నిద్రపోలేదు. చిన్నాయన మళ్ళీ ఇండెక్సు ముట్టలేదు. బావ మాత్రం ఇంకా పరిగెత్తిస్తూనే ఉన్నాడు, మా అక్క మళ్ళీ చేయించుకున్న కమ్మలు ఇప్పుడు నా బీరువాలో పెట్టుకుంటుంది. నా జుట్టు మళ్ళీ పెరిగింది, అంత పొడుగు కాకపోయినా. ఆ తర్వాత మార్కెట్టు ఎన్నోసార్లు పడింది. పడినప్పుడల్లా చిన్నమ్మ ఫోను చేసి, "ఏమ్మే, జుట్టు ఎంతుండాది ఇప్పుడు?" అని అడుగుతుంది. నేను మార్కెట్టు వైపు చూడను కూడా. అకౌంట్స్ అక్క లాగానే పక్కకు తిరిగి పడుకోవడం నాకూ అలవాటైపోయింది.

కానీ ఆ సాయంత్రం మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది. దిగే దారిలో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు. చల్లగాలి మొట్టమొదటిసారి నేరుగా నెత్తికి తగులుతోంది. పక్కన చిన్నాయన, ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కుతున్నాడు. నేను మూతి బిగించుకుని, ఆయనవైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని, గుండును కిటికీకి ఆనించి కూర్చున్నాను. కొండ దిగేలోపు ఆ కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుని, ఎక్కడ నవ్వొచ్చేస్తుందోనని పెదవి కొరుక్కుంటూ ఇంకా గట్టిగా ముఖం ముడుచుకున్న ఆ బోడిగుండు పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకెంత ముద్దొస్తుందో చెప్పలేను.